తడ దారిలో ఒక వేకువ

నెల్లూరు నుండి చెన్నై వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీద గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట దాటిన తరువాత తడ వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు అది దక్షిణపు గడప. అవతల ఆరంబాకం. అక్కడి నుండి తమిళనాడు. అంగడిలో బేరం తెలుగులో మొదలై తమిళంలో ముగుస్తుంది. మన ఇళ్లలోనైతే ఉర్దూ కూడా వచ్చి కలుస్తుంది. నెల్లూరు జిల్లాలో ఉండిన ఈ మండలం 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో చేరింది. అయినా పెద్దవారు నేటికీ తమది నెల్లూరు సీమ అనే చెప్పుకుంటారు.

ఊరికి తూర్పున పులికాట్ సరస్సు ఉంది. ఒడిశాలోని చిలికా తరువాత మన దేశంలో అంతటి ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. శీతాకాలంలో రాజహంసలు అక్కడ బారులు తీరుతాయి. భీములవారిపాళెం రేవు నుండి ఇరకం దీవికి పడవలు నడుస్తాయి. ఊరికి పడమరగా శ్రీసిటీ పారిశ్రామికవాడ విస్తరించింది. మాంబట్టులోని పాదరక్షల కర్మాగారం మొదలుకొని శ్రీసిటీలోని సెల్‌ఫోన్ల కర్మాగారాల వరకు ఈ ప్రాంతంలో వేలాది మంది స్త్రీలు పనిచేస్తున్నారు. ఒకప్పుడు చేపల గంపలతోనో, వరినాట్లకో బయలుదేరిన ఇళ్ల ఆడపిల్లలు నేడు మెడలో గుర్తింపు కార్డు వేసుకొని కంపెనీ బస్సులు ఎక్కుతున్నారు.

గత శీతాకాలంలో నేను తడకు వెళ్లింది హంసలను చూడడానికి కాదు. అక్కడ మా చెల్లెలి కుటుంబం ఉంది. బావగారికి రెండేళ్లుగా ఆరోగ్యం సరిగా లేదు. ఇంటి ఖర్చులో పెద్ద భాగం వారి అమ్మాయి జీతం మీదనే నడుస్తోంది. ఆమెకు ఇరవై నాలుగేళ్లు, ఒక కర్మాగారంలో పనిచేస్తోంది. “భాయ్, నువ్వు వచ్చి దానికి నాలుగు మాటలు చెప్పు. చీకటితో వెళుతుంది, చీకటి పడ్డాక వస్తుంది. నా గుండె దడదడలాడుతోంది. నీ మాటయితే వింటుంది” అని చెల్లెలు ఫోన్లో ఏడ్చింది. ముప్పై ఏళ్లుగా మదరసాలో పాఠాలు చెబుతున్నవాణ్ణి. చెప్పవలసిన మాటలు బస్సు నాయుడుపేట దాటకముందే మనసులో సిద్ధమయ్యాయి.

రాత్రి భోజనాలయ్యాక ఆ మాటలు మొదలుపెట్టాను. అమ్మాయి తలవంచుకొని అంతా విన్నది. ఎదురు చెప్పలేదు. చివరకు ఒక్క మాట అన్నది: “మామూ, రేపు ఒక్కరోజు నాతో బస్సు దాకా రండి. చూశాక మీరు ఏది చెబితే అది చేస్తాను.”

మరునాడు ఇంకా ఫజ్ర్ అజాన్ కాలేదు. మంచు పట్టి ఉంది. ఇంటి నుండి బస్సు ఆగే కూడలి వరకు నడిస్తే పదిహేను నిమిషాల దారి. నేను ఆ దారిలో ఎన్నోసార్లు నడిచినవాణ్ణే. నాకు అది వట్టి దారి. ఆమెకు అలా కాదని అడుగడుగునా తెలియసాగింది.

గుమ్మం దాటకముందే ఫోనులో చార్జింగ్ ఎంతుందో చూసుకుంది. చెప్పులు తీసి బూట్లు వేసుకుంది. “అవసరమైతే పరుగెత్తడానికి” అన్నది, బియ్యం ఎంత ఉన్నాయో చెప్పినంత మామూలుగా. సందు మలుపు దగ్గర దగ్గరి దారి వదిలి చుట్టుదారి పట్టింది. దగ్గరి దారిలో కట్టి వదిలేసిన ఇల్లు ఒకటుంది, దానికి తలుపులు లేవు. వెనుక నుండి మోటారు సైకిలు చప్పుడు వినిపించగానే మాట ఆపి, గోడ వైపుకు జరిగి, అది ముందుకు పోయేవరకు నిలబడింది. టీ అంగడి ఎదుటికి రాగానే ఫోను చెవి దగ్గర పెట్టుకొని, “ఆ అబ్బా, వచ్చేశాను, ఇదిగో ఎదురుగానే ఉన్నాను” అని పైకి అన్నది. ఫోనులో అవతల ఎవరూ లేరు. వాళ్ల అబ్బా ఇంట్లో నిద్రపోతున్నారు.

“రోజూ ఇలాగేనా బేటీ?” అని అడిగాను.

“రోజూ ఇలాగే మామూ. ఆటో ఎక్కితే నంబరు ఫోటో తీసి తమ్ముడికి పంపుతాను. నడుమ కూర్చోను, అంచునే కూర్చుంటాను. బస్సులో నిలబడవలసి వస్తే పిన్నీసు వేళ్ల మధ్య పెట్టుకుంటాను. ఇంటి నుండి బయలుదేరాక నీళ్లు తాగను, దారిలో వెళ్లడానికి చోటు లేదు కనుక. ఇవి భయపడి చేసేవి కావు. అలవాటు. భయం వేరే ఉంటుంది.”

ఆమె నల్లని బురఖాలో ఉంది. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, ఇలాంటి సంగతి రాగానే మనలో చాలామంది ముందు అడిగే ప్రశ్న దుస్తుల గురించే. హయా విశ్వాసంలో భాగమే. అయితే నూర్ సూరా 30వ ఆయతులో అల్లాహ్ చూపులు వాల్చుకొమ్మని మొదట ఆజ్ఞాపించింది పురుషులను. స్త్రీలకు ఆజ్ఞ ఆ తరువాతి ఆయతులో వస్తుంది. మనం మాత్రం 31వ ఆయతు నుండే పాఠం మొదలుపెడుతూ వచ్చాము. నేను కూడా.

కూడలికి ఇంకా కొంత దూరాన, ఒక వేపచెట్టు కింద ఆమె ఆగిపోయింది. అక్కడ మరో నలుగురు చేరవలసి ఉంది. ఒకామె చర్చి వీధి నుండి, ఇద్దరు చెరువు అవతలి కాలనీ నుండి, మరొకామె సరస్సు ఒడ్డు పల్లె నుండి రావాలి. ఐదుగురూ కలిసేదాకా ఎవరూ ముందుకు కదలరు. ఒకామె రాకపోతే ఫోను చేస్తారు. బస్సు పోతుందన్నా ఒకరిని వెనుక వదలరు. వారి మతాలు వేరు, ఇళ్లలో వండే కూరలు వేరు. ఆ చెట్టు కింద వారి లెక్క మాత్రం ఒకటే.

ఆ ఐదుగురిని చూస్తున్నప్పుడు ఖసస్ సూరా నా మనసులో మెదిలింది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఫిరౌను మనుషుల నుండి తప్పించుకొని మద్‌యన్ చేరినప్పుడు అక్కడి బావి దగ్గర జనం తమ పశువులకు నీరు పెడుతున్నారు. ఇద్దరు స్త్రీలు మాత్రం తమ మందను అదిమిపట్టుకొని దూరంగా నిలబడ్డారు. విషయమేమిటని ఆయన అడిగారు. కాపరులంతా వెళ్లిపోయేవరకు తాము నీరు పెట్టలేమనీ, తమ తండ్రి బాగా వృద్ధుడనీ వారు బదులిచ్చారు. ఈ ఘట్టాన్ని నేను ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. ప్రతిసారీ మూసా (అలైహిస్సలాం) బలాన్ని, దయను వివరించాను. ఆ ఇద్దరు స్త్రీలు అక్కడ ఎంతసేపు నిలబడ్డారో, ఎన్ని రోజులుగా నిలబడుతున్నారో ఒక్కసారీ ఆలోచించలేదు. ఎవరు ఎప్పుడు వెళతారు, చోటు ఎప్పుడు ఖాళీ అవుతుంది, పశువులు అంతవరకు ఆగుతాయా అన్న లెక్క వారి దినచర్య. వేపచెట్టు కింది లెక్క కూడా అదే. వారు బయటకు రావడానికి కారణమూ అదే, ఇంట్లో తండ్రి చేతకాని స్థితిలో ఉండడం.

మూసా (అలైహిస్సలాం) వారిని ఇంటికి పొమ్మనలేదు. ఎందుకు వచ్చారని గద్దించలేదు. సంగతి అడిగారు, విన్నారు, మందకు నీరు పెట్టారు, ఏమీ ఆశించకుండా నీడకు వెళ్లి కూర్చున్నారు. తరువాత ఆ ఇద్దరిలో ఒకామె తండ్రి పిలుపు తీసుకొని వచ్చినప్పుడు, తాను ముందు నడుస్తూ, ఆమెను వెనుక ఉండి దారి చెప్పమన్నారని వ్యాఖ్యాతలు రాశారు. పరాయి స్త్రీ నిశ్చింతగా నడవడానికి ఒక పురుషుడు తన నడకను మార్చుకున్నాడన్న మాట.

బస్సు వచ్చింది. ఐదుగురూ ఎక్కారు. కిటికీలో నుండి అమ్మాయి చేయి ఊపింది. అప్పటికి అజాన్ వినిపిస్తోంది. నేను మసీదు వైపు నడిచాను.

ఆ రోజంతా తీరిక దొరికింది. చట్టాలు ఏమంటున్నాయో తెలిసిన ఒక న్యాయవాది మిత్రునితో ఫోనులో చాలాసేపు మాట్లాడాను. మన ఇళ్లలో తెలిసి ఉండవలసిన సంగతులు కనుక క్లుప్తంగా రాస్తున్నాను. 1948 నాటి కర్మాగారాల చట్టం 66వ సెక్షన్‌లో స్త్రీలకు ఉదయం 6 నుండి సాయంత్రం 7 వరకే పని అని నిర్దేశించింది. ఇటీవలి మార్పులు స్త్రీ సమ్మతి, భద్రత వంటి షరతుల మీద రాత్రి పనికి వీలు కల్పిస్తున్నాయి. పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం పది మంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. యాజమాన్యం ఏర్పాటు చేసిన వాహనం కూడా పనిచోటు కిందికే వస్తుంది. ఇష్టం లేదని తెలిపినా స్త్రీ వెంటపడి తిరగడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

తడ వంటి సరిహద్దు ఊరికి మరొక విషయం ముఖ్యం. ఆరంబాకానికీ తడకూ మధ్య రైలులో ఒక పిల్లకు కష్టం వస్తే అది ఏ రాష్ట్రం ఠాణాకు చెందుతుంది? 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ సమీపంలో తొండుపల్లి టోల్‌గేటు వద్ద ఒక యువ పశువైద్యురాలికి జరిగిన ఘోరం మనకు గుర్తుంది. అది తమ పరిధి కాదంటూ ఠాణాల మధ్య తిప్పారని ఆ కుటుంబం వాపోయింది. ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం నమోదు చేయించవచ్చు. దీనినే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. అత్యవసరానికి 112, స్త్రీల సహాయానికి 181, రైలులో అయితే 139 నంబర్లు ప్రతి ఇంటి ఫోనులో ఉండాలి.

ఇవన్నీ ఉన్నాయి, అల్‌హమ్దులిల్లాహ్. కాని కర్మాగారం గేటు లోపల ఒక చట్టం, కంపెనీ బస్సులో ఒక చట్టం ఉండగా, ఇంటి గుమ్మం నుండి బస్సు ఆగే చోటు వరకు ఉన్న ఆ పదిహేను నిమిషాల దారిని కనిపెట్టుకొని ఉండేది ఎవరు? అక్కడ ఉండేది మనమే. టీ అంగడి బల్ల మీద కూర్చునేది మన పిల్లలు, మన పొరుగువారు, ఒక్కోసారి మనమే.

సాయంత్రం అమ్మాయి తిరిగి వచ్చాక అసలైన ప్రశ్న అడిగాను. “టీ అంగడి దగ్గర ఏమైనా జరిగిందా?”

ఆమె తల్లి వైపు చూసింది. చెల్లెలు వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, మెల్లగా చెప్పింది. ఎనిమిది నెలల కిందట ఒకడు కొన్ని రోజుల పాటు వెంటపడ్డాడు. పాటలు పాడాడు, ఒకనాడు దారికి అడ్డంగా నిలబడ్డాడు. వేపచెట్టు కింది సావాసం అప్పటి నుండి మొదలైనదే. ఐదుగురు కలిసి నడవడం చూశాక వాడు మానుకున్నాడు.

“ఇంట్లో ఎందుకు చెప్పలేదు?”

“చెబితే వాణ్ణి ఆపరు మామూ. నన్ను ఆపుతారు.”

ఈ మాట నాకు ఎక్కడ తగిలిందో ఆమెకు తెలియదు. పన్నెండేళ్ల కిందట నా పెద్ద కూతురు డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా, కాలేజీ బస్సు దిగే చోట ఎవడో వేధిస్తున్నాడని ఏడుస్తూ వచ్చి చెప్పింది. మరునాటి నుండి నేను ఆమె చదువు మాన్పించాను. ఆ యువకుడు ఎవరో విచారించలేదు, వాడి తండ్రిని కలవలేదు. నా బిడ్డను కాపాడుకున్నానని తృప్తిపడ్డాను. తప్పు చేసినవాడు ఆ కాలేజీలోనే చదువు పూర్తి చేసుకొని ఉంటాడు. తప్పు చేయని పిల్ల శిక్ష అనుభవించింది. ఆమె నాతో నిజం చెప్పడమే ఆమె చేసిన పొరపాటయింది. ఆ తరువాత ఆమె నాకు ఏ కష్టమూ చెప్పుకోలేదు. అదే ఆమె సుఖంగా ఉందనడానికి గుర్తని నేను అనుకుంటూ వచ్చాను.

హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. దానధర్మాలకు పేరుపొందిన హాతిం తాయీ కుమారుడాయన. ఆయన దైవప్రవక్త (స) సన్నిధిలో ఉండగా ఒకరు వచ్చి పేదరికం గురించి, మరొకరు దారిదోపిడీల గురించి మొరపెట్టుకున్నారు. అప్పుడు దైవప్రవక్త (స), నీవు దీర్ఘాయుష్మంతుడవైతే, ఒక స్త్రీ ఇరాక్‌లోని హీరా నుండి బయలుదేరి, అల్లాహ్‌కు తప్ప మరెవ్వరికీ భయపడకుండా వచ్చి కాబా ప్రదక్షిణ చేయడం చూస్తావని అదీతో చెప్పారు. ఆయన తరువాతి కాలంలో దానిని కళ్లారా చూశారు. స్త్రీల ప్రయాణ నియమాల గురించి ఫుఖహాల మధ్య చర్చ ఉంది. ఈ వ్యాసం దాని కోసం కాదు. నన్ను పట్టి ఆపినది ఆ హదీసులోని మరొక అంశం. ఆ మాట విన్న వెంటనే అదీ (రజి) మనసులో, నేలంతా అల్లకల్లోలం చేస్తున్న తయ్ తెగ దొంగలు అప్పుడు ఏమైపోతారన్న ప్రశ్న మెదిలింది. తయ్ ఆయన సొంత తెగ. ఆమె ఎందుకు బయలుదేరిందన్న ప్రశ్న ఆయనకు రాలేదు. దారిలో ఉన్న తన వారి సంగతి ముందు గుర్తుకు వచ్చింది.

ఈ హదీసును నేను ఇన్నేళ్లూ ప్రవక్త పదవికి నిదర్శనంగా బోధించాను. అది నిజమే. అయితే ఇస్లాం నెలకొల్పే శాంతికి ఇది కొలత కూడా అని తడలో అర్థమైంది. ఒక సమాజం మంచిదా కాదా అన్నది దాని మసీదుల మినార్ల ఎత్తు చెప్పదు. ఆ వీధిలో ఒక ఆడపిల్ల ఫోనులో అబద్ధపు మాటలు మాట్లాడకుండా నడవగలదా అన్నది చెబుతుంది.

మరునాడు జుహర్ తరువాత ఇమాంగారి అనుమతితో పది నిమిషాలు మాట్లాడాను. దారుల్లో కూర్చోవద్దని దైవప్రవక్త (స) వారించడం, తప్పనిసరి అయితే దారి హక్కును చెల్లించమనడం, ఆ హక్కుల్లో మొట్టమొదటివి చూపు వాల్చుకోవడం, బాధ కలిగించకుండా ఉండడం అని వివరించడం బుఖారీ, ముస్లింలలో ఉన్నవే. అవే చెప్పాను. ఎవరి పేరూ ఎత్తలేదు. నా కూతురి సంగతి మాత్రం, నా తప్పుగా, చెప్పాను. అది చెబుతున్నప్పుడు మసీదులో చప్పుడు లేదు.

బయటకు వచ్చాక ఒక పెద్దాయన నా చేయి పట్టుకొని, “హజ్రత్, ఆ టీ అంగడిలో పొద్దున్నే కూర్చునేవాళ్లలో నేనూ ఉన్నాను. మేము పాడు మాటలు ఏమీ అనం. ఊరికే చూస్తాం, అంతే” అన్నారు. అని ఆయనే ఆగిపోయారు. నేను ఏమీ అనలేదు. కమిటీవారు ఆ రాత్రే మలుపు దగ్గర ఒక దీపం పెట్టించారు. తలుపులు లేని ఇంటి యజమానితో మాట్లాడతామన్నారు. ఫజ్ర్‌కు వచ్చే ఇద్దరు పెద్దలు వేకువన ఆ సందులో నుండే మసీదుకు రావాలని అనుకున్నారు, ఎవరి వెంటా కాదు, తమ దారిన తాము.

అమ్మాయిని ఉద్యోగం మానమని నేను చెప్పలేదు. చెల్లెలికి మాత్రం ఒక మాట చెప్పాను, బిడ్డ ఏ సంగతి చెప్పినా ఆమె పని మాన్పించబోమని ముందుగా మాట ఇవ్వమని. చెల్లెలు చాలాసేపు ఆలోచించి ఇచ్చింది. ఆమె గుండెదడ తగ్గలేదు, తగ్గుతుందని నేను అనలేదు కూడా. వారం తరువాత అమ్మాయి ఫోను చేసింది. “మామూ, దీపం వెలుగుతోంది. దగ్గరి దారిన వెళుతున్నాను. ఒక లెక్క తగ్గింది” అన్నది. టీ అంగడి ఎదుట ఫోను ఇంకా చెవి దగ్గర పెట్టుకొనే నడుస్తున్నానని కూడా చెప్పింది.

నెల్లూరు చేరిన రోజే పెద్ద కూతురికి ఫోను చేశాను. ఆనాడు అడగని ప్రశ్న అడిగాను, “అప్పుడు ఏం జరిగింది బేటీ?” అని. అవతల చాలాసేపు మాట లేదు. “ఇప్పుడు అడిగారా అబ్బా” అన్నది. తరువాత ఒక గంటసేపు చెప్పింది. నేను విన్నాను.

పాఠక సోదరులారా, ఈ రాత్రి మీ ఇంట్లోని కూతురినో, చెల్లెలినో, భార్యనో ఒకసారి అడగండి, దారిలో వారు చేసుకునే లెక్కలు ఏమిటని. అడిగేముందు, వారి జవాబు విని వారి కాళ్లకు సంకెల వేయబోమని మాట ఇవ్వండి. వినడం పూర్తయ్యాక లేచి బయటకు వెళ్లి, మన వీధిలోని దారిని చూడండి. సరిదిద్దవలసింది అక్కడ ఉంది. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని, శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.